బరువు ఎక్కువున్నవాళ్ళు ఫిషింగ్ కయాక్ కొనేముందు, సీజన్‌కి నీళ్ళలో దిగేముందు చూస్కోవాల్సినవి

కయాక్ అంటే తెడ్డుతోనో పెడల్‌తోనో నడిపే చిన్న సన్నటి పడవ, దాని మీద స్టిక్కర్‌లో ఉండే మ్యాగ్జిమమ్ కెపాసిటీ, అంటే అది మోయగల మొత్తం బరువు చూసి చాలామంది అక్కడితోనే లెక్క తేల్చేస్తారు. నా బరువు 120 కేజీలు, దీని మీద 160 అని ఉంది, ఇంకా 40 మిగిలింది కదా సరిపోద్దిలే అని. సరిపోదండి. ఆ నంబర్‌లో మీరొక్కరే కాదు, ఒంటి మీద బట్టలు, లైఫ్ జాకెట్, గాలం రాడ్లు, ఎరల పెట్టె, యాంకర్ (లంగరు), తాగే నీళ్ళు, ఐస్ బాక్సు, చివరికి పట్టిన చేపలు కూడా ఉంటాయి. కొన్ని కంపెనీలైతే పెడల్ డ్రైవ్ (కాళ్ళతో తొక్కి నడిపే యంత్రం) బరువు, సీటు బరువు కూడా అందులోనే కలిపేస్తాయి, మాన్యువల్‌లో ఓ మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది వెతికి చదవండి. ఇంకో సంగతి, అమెరికాలో 20 అడుగుల లోపు మామూలు బోట్లకి కోస్ట్ గార్డ్ రూల్ ప్రకారం కెపాసిటీ లేబుల్ ఉండాలి గానీ కయాక్‌లకీ, కనూలనే తెడ్డు పడవలకీ ఆ రూల్ నుంచి మినహాయింపు ఉంది, కాబట్టి ఒక కంపెనీ 200 కేజీలు అన్నా ఇంకో కంపెనీ 200 కేజీలు అన్నా రెండూ ఒకే పద్ధతిలో కొలిచినవి అని అనుకోడానికి లేదు.

అందుకే చేపలు పట్టేవాళ్ళలో ఒక లెక్క వాడుకలో ఉంది, మీ మొత్తం బరువు ఆ నంబర్‌లో 70 శాతం దాటకుండా చూస్కోవాలి అని. మీరు 120, బట్టలు జాకెట్ ఒక 5, సామాను 25 అనుకుంటే 150 అయింది, దాన్ని 0.7తో భాగిస్తే 214. అంటే కనీసం 215 కేజీలు రాసున్న కయాక్ వైపు చూడాలి. మోటర్ పెడదాం అనుకుంటే లెక్క మళ్ళీ మొదట్నుంచి వెయ్యాలి, 100 యాంప్ అవర్ల 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒక్కటే దగ్గర దగ్గర 30 కేజీలు తూగుతుంది, అదే లిథియం ఐతే అందులో సగం కూడా ఉండదు. సామాను బరువు మనసులో అంచనా వెయ్యొద్దు, అన్నీ ఒక సంచిలో వేసి కాటా మీద పెట్టి చూడండి, అనుకున్నదానికన్నా ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది.

బరువు మించితే ఏమవుద్దో స్కప్పర్ హోల్స్ దగ్గర బాగా తెలుస్తుంది. సిట్ ఆన్ టాప్, అంటే లోపల దూరకుండా పైనే కూర్చునే కయాక్‌లో కాళ్ళు పెట్టుకునే చోటా సీటు కిందా ఈ చిల్లులు ఉంటాయి, పైన పడ్డ నీళ్ళు కిందికి పోడానికి. కయాక్ ఉండాల్సినదానికన్నా లోతుగా కూర్చుంటే ఆ డెక్ (మనం కూర్చుని కాళ్ళు పెట్టుకునే పైభాగం) నీటిమట్టానికి కిందకొచ్చేస్తుంది, అప్పుడు అవే చిల్లుల్లోంచి నీళ్ళు పైకొస్తాయి. ముందు మడమల దగ్గర చిన్న తడి, కాసేపటికి పాదాలు మునిగేంత, మీరు చేపని లాగడానికి ఒక పక్కకి వంగితే ఆ నీళ్ళన్నీ ఆ పక్కకే. ప్లగ్గులు పెట్టేస్తే సరిపోద్ది కదా అంటారు, ప్లగ్గులు కింద నుంచి వచ్చేవాటిని ఆపుతాయి నిజమే, కానీ అల మీదనుంచి వచ్చి పడినవి ఇక బయటికి పోవు. కొనేముందు ట్రయల్ ఇచ్చే చోటే చూడండి, మొత్తం సామాను ఎక్కించి, మోకాలి లోతు నీళ్ళలో పది నిమిషాలు కూర్చుని పాదాల దగ్గర ఏం జరుగుతుందో గమనించండి. ట్రయల్ ఇవ్వం అంటే నేనైతే ఆ కయాక్ కొనను, ఎంత మంచి రేటుకి ఇచ్చినా సరే.

ఇంక వెడల్పు. పెద్ద శరీరం ఉన్నవాళ్ళకి 33, 34 అంగుళాల నుంచి చూడటం మొదలుపెట్టాలి, నిలబడి గాలం వెయ్యాలంటే 36 ఆ పైన ఉంటే ధైర్యంగా ఉంటుంది. హోబీ ప్రో యాంగ్లర్ 14 లాంటివి 38 అంగుళాలు, కెపాసిటీ 272 కేజీలు, ఆ సైజులో కూర్చుంటే తేడా వెంటనే తెలుస్తుంది. కానీ వెడల్పు చూసి మోసపోకండి, స్టెబిలిటీ రెండు రకాలు. కదలని నీళ్ళలో కూర్చోగానే ఊగకుండా ఉండేది ఒకటి, ఒక పక్కకి బాగా ఒరిగాక కూడా తిరగబడకుండా ఆపేది రెండోది. చదునైన వెడల్పాటి అడుగు ఉన్న కయాక్ మొదటిదాన్లో చాలా గట్టిది, కాకపోతే అది నీటి పైభాగాన్ని అంటుకుని ఉంటుంది కాబట్టి పక్కనుంచి అల వస్తే అలతో పాటే ఒరుగుతుంది. అడుగున రెండు పక్కలా కిందకి దిగి మధ్యలో గాడిలా ఉండే హల్ (కయాక్ ఒళ్ళు) ఐతే రెండిటికీ కొంత న్యాయం చేస్తుంది, మన బరువుకి నేను చెప్పేది అదే. చిన్న చెరువులో మాత్రమే పట్టేవాళ్ళకి చదునుది చాలు, పెద్ద రిజర్వాయర్‌లో గాలి లేస్తే, సముద్రంలోకి వెళ్తే చదునుదాన్ని నమ్ముకోవద్దు. లోపల దూరి కూర్చునే సిట్ ఇన్‌సైడ్ రకం జోలికి మాత్రం అస్సలు వెళ్ళొద్దు, అది నిండితే నీళ్ళ మధ్యలో ఖాళీ చెయ్యడం చాలా కష్టం.

సీటు సంగతి ఎవరూ సరిగ్గా అడగరు. ఎత్తు సీటు నడుముకి హాయిగా ఉంటుంది, లేవడం సులువు, ఐతే లావున్నవాళ్ళకి బరువంతా నడుము పైన ఉంటుంది, దాన్ని ఇంకో అరచెయ్యంత పైకి లేపితే కయాక్ ఊగే తీరే మారిపోతుంది. పైకీ కిందకీ రెండు పొజిషన్లు ఉన్న సీటు తీస్కోండి, గాలి లేవగానే కిందది. సీటు ఫ్రేముకి విడిగా వెయిట్ లిమిట్ ఉందేమో అడగండి, కయాక్ 220 మోస్తుంది కానీ సీటు అల్యూమినియం గొట్టం మోయలేకపోతే ఉపయోగం ఏముంది. కూర్చుని పక్క గొట్టాలు తొడలకి ఒరుసుకుంటున్నాయా, గుడ్డ కిందకి జారి డెక్‌కి తగులుతోందా అని చేత్తో తడిమి చూడండి. పెడల్ రకమైతే పది నిమిషాలు తొక్కండి, మోకాలు పైకొచ్చినప్పుడు పొట్టకి తగిలితే గంట తర్వాత ఊపిరి తీస్కోవడం కూడా ఇబ్బందే. ప్యాడిల్ (తెడ్డు) కూడా వెడల్పు కయాక్, ఎత్తు సీటు అంటే 250, 260 సెంటీమీటర్లు కావాలి, పొట్టిదైతే ప్రతిసారీ పక్కకి వంగాల్సొస్తుంది, ఆ వంగడమే మనకి వద్దు.

బరువు ముందు వెనకల సర్దుబాటు కూడా. సీటు కాస్త వెనక్కి ఉంటుంది, దాని వెనకే క్రేటు, క్రేటు వెనక ఐస్ బాక్సు, అంతా వెనకే పడి తోక మునిగి ముక్కు లేస్తుంది, అలా లేచిన ముక్కుని గాలి ఎటు కావాలంటే అటు తిప్పేస్తుంది. ఒడ్డున ఉన్నవాళ్ళని పక్కనుంచి ఒక ఫోటో తియ్యమనండి, ఆ ఒక్క ఫోటోలో అంతా కనిపిస్తుంది. బ్యాటరీ, నీళ్ళ డబ్బా, యాంకర్ లాంటి బరువులు ముందుకి మార్చండి, సీటు ముందుకి జరిగే రకమైతే ఇంకా మేలు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. నీళ్ళలో పడ్డాక ఒక్కళ్ళే మళ్ళీ ఎక్కగలరా. నాకు కెపాసిటీ కన్నా, వెడల్పు కన్నా ఇదే అసలు పరీక్ష. వెడల్పాటి కయాక్ తిరగబడితే బోర్లా కూడా అంతే స్థిరంగా ఉంటుంది, కాబట్టి ముందు దాన్ని తిప్పడం రావాలి. అవతలి పక్క హ్యాండిల్‌కి కట్టిన పట్టీని అడుగు మీదుగా ఇవతలికి లాక్కుని, మోకాళ్ళు ఇవతలి అంచు మీద ఆనించి, ఒంటి బరువు మొత్తం వెనక్కి వాల్చాలి, ఇక్కడ మన బరువు మనకే పనికొస్తుంది, సన్నగా ఉన్నవాళ్ళకన్నా తొందరగా తిరుగుతుంది. ఎక్కడం మాత్రం ఓపిక పని. పక్కనుంచి నిటారుగా వేలాడుతూ పైకి లాక్కోడానికి చూస్తే కయాక్ మళ్ళీ మీ మీదకే వస్తుంది, అలా కాకుండా కాళ్ళు నీళ్ళ పైకి తేలేదాకా తన్నుకుంటూ ఒళ్ళు పడుకున్నట్టు చేస్కుని, అప్పుడు అవతలి అంచు పట్టుకుని ఛాతీని డెక్ మీదకి జార్చాలి. ముందు పొట్ట మీద, తర్వాత వెల్లకిలా తిరిగి కూర్చోవడం, కాళ్ళు చివర్లో. ఎత్తు సీటు అడ్డొస్తే దాన్ని మడిచి ఎక్కాలి, మడవడం కుదరకపోతే దాని ముందు వైపు నుంచి ఎక్కాలి. జాకెట్ ముందు జేబుల్లో ప్లయర్సు, డబ్బాలు కుక్కి ఉంటే అవి అంచుకి తగులుకుని ఆపేస్తాయి, జేబులు పల్చగా ఉంచండి. చేతుల బలం చాలట్లేదు అనిపిస్తే అవతలి పక్కకి కట్టి ఇవతల కాలు పెట్టుకునేలా వేలాడే పట్టీ మెట్టు దొరుకుతుంది, అది చాలామందికి పెద్ద తేడా తెస్తుంది, వాడనప్పుడు మాత్రం మడిచి కట్టెయ్యాలి, కాలికి చుట్టుకోకూడదు.

ఇదంతా సీజన్‌కి ముందే, తోడు ఒక మనిషిని పెట్టుకుని, రోజూ వేసుకునే అవే బట్టలతో చెయ్యండి. మొదట ఛాతీ లోతులో నేర్చుకోండి, ఆ తర్వాత తప్పకుండా కాలు అందని చోట, ఎందుకంటే కాలు నేలకి ఆనితే తెలీకుండానే దాన్ని తన్ని పైకి లేస్తాం, నిజంగా పడినప్పుడు ఆ నేల ఉండదు. అలిసిపోయాక ఇంకోసారి చెయ్యండి. ఎంత చేసినా ఎక్కలేకపోతున్నారంటే ఆ కయాక్ మీది కాదు, డెక్ నీటికి ఇంకా దగ్గరగా ఉండే మోడల్ చూడండి, అప్పటిదాకా ఒంటరిగా వెళ్ళొద్దు, ఒడ్డు వదిలి దూరం వెళ్ళొద్దు.

లైఫ్ జాకెట్ సైజు బరువుని బట్టి కాదు, ఛాతీ చుట్టుకొలతని బట్టి. చాలామంది పెద్దవాళ్ళకి తల నీటి పైన ఉండటానికి 3 నుంచి 5 కేజీల అదనపు తేలే బలం చాలు, కొవ్వు తేలేదే కాబట్టి లావున్నవాళ్ళకి ప్రత్యేకంగా ఎక్కువ అవసరం ఉండదు, కావాల్సిందల్లా అది ఒంటి మీద కదలకుండా ఉండటం. పొట్ట ఉన్నవాళ్ళకి జాకెట్ పైకి జారడం మామూలు సమస్య. బెల్టులన్నీ బిగించాక ఎవర్నైనా భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి, గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే పనికిరాదు, కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది తీస్కోండి. సీటులో కూర్చుని కూడా చూడాలి, ఎత్తు వీపు ఉన్న సీటు వెనక ఫోమ్‌ని పైకి నెడుతుంది, వెనక దిగువ భాగం పల్చగా ఉండే జాకెట్లు ఉన్నది అందుకే. నీళ్ళు 15 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే గాలి వెచ్చగా ఉందా లేదా అని కాదు, నీటిని బట్టి వెట్‌సూట్ (చల్లటి నీళ్ళలో ఒంటి వేడి నిలిపే బిగుతు సూట్) లాంటిది వెయ్యాలి. బాగా చల్లటి నీళ్ళలో పడితే ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు కాళ్ళు మాట వినేది సుమారు 10 నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు 1 గంట అని ఒక గుర్తు లెక్క ఉంది, ఎక్కే పని ఆ 10 నిమిషాల్లోనే ఐపోవాలి. పెద్ద సైజు వెట్‌సూట్లు అడిగిన రోజే దొరకవు, ముందే చూసి పెట్టుకోండి.

గాలం వేసేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, తల కయాక్ అంచు దాటకూడదు. చేపని నీళ్ళలోంచి పైకి తీసేటప్పుడు తల బయటికి వంగితే ఒళ్ళు దాని వెంటే వెళ్తుంది, అందుకే పొడుగు కాడ ఉన్న వల వాడి చేపనే దగ్గరికి తెచ్చుకోవాలి. నిలబడటం అనేది లోతు తక్కువ ఉన్న చోట బాగా అలవాటయ్యాకే, పాదాలు ఎడంగా, చూపు దూరంగా. పారే నీళ్ళలో యాంకర్ పక్కనుంచి అస్సలు కట్టొద్దు, ప్రవాహం ఆ పక్కని కిందకి లాగేస్తుంది, ముక్కు దగ్గరో తోక దగ్గరో ఉండాలి, ఒక్క లాగుడుతో విడిపోవాలి, చేతికందేలా కత్తి, విజిల్ ఉండాలి.

మోసుకెళ్ళడం గురించి కూడా కొనకముందే ఆలోచించండి, ఈ సైజు కయాక్‌లు 40, 50 కేజీలు ఉండటం మామూలే, మీ కారు టాప్ ఎంత బరువు తట్టుకుంటుందో కారు మాన్యువల్‌లో ఉంటుంది. కయాక్‌ని నేల మీద లాక్కెళ్ళే చక్రాల బండి స్కప్పర్ హోల్స్‌లో గుచ్చే రకం వద్దు, బరువంతా ఆ చిల్లుల అంచుల మీద పడి పగుళ్ళు వస్తాయి, బెల్టుతో కట్టేదే మంచిది.

పాత కయాక్ ఉన్నవాళ్ళు ఈ సీజన్‌కి ముందు ఆ చిల్లుల అంచులు, పెడల్ గూడు మూలలు, ఈడ్చి ఈడ్చి అరిగిపోయే తోక కింది భాగం వేలితో తడిమి చూడండి. సన్నటి పగులు కంటికి కనిపించదు, గోరుకి తగులుతుంది. హల్ లోపలికి నీళ్ళు చేరితే పైకి ఏమీ తెలీదు, నిండు కుండ తొణకదంటారు, సగం నిండిన హల్ మాత్రం తొణికి తొణికి ఒరిగిన పక్కకే బరువంతా తోసేస్తుంది. కయాక్ ఉన్నట్టుండి బద్ధకంగా తిరుగుతోంది, ఒక పక్కకి ఒరిగి తొందరగా లేవట్లేదు అనిపిస్తే చేపలు పడుతున్నా సరే గాలం చుట్టేసి ఒడ్డుకి రండి, డ్రెయిన్ ప్లగ్ తీసి తోక కిందకి వంచండి, ఎంత వచ్చిందో చూస్కుని, ఎక్కడినుంచి వచ్చిందో తెలిసేదాకా మళ్ళీ దిగకండి.