తెలుగు బైబిల్: చదువుకోవడానికి ఏది, అధ్యయనానికి ఏది

దుకాణంలో బైబిల్ చేతికి రాగానే అట్ట సంగతి తర్వాత చూడండి, ముందు లోపల ముద్రణ వివరాలున్న పేజీ తెరవండి. పైన పరిశుద్ధ గ్రంథము అని ఉన్నా, పవిత్ర గ్రంథము అని ఉన్నా, పవిత్ర బైబిల్ అని ఉన్నా లోపలిది ఏ అనువాదమో దాన్నిబట్టి తెలియదు. విషయసూచికలో పుస్తకాలు కూడా లెక్కపెట్టండి. ప్రొటెస్టెంట్ సంఘాలు వాడేదానిలో 66 ఉంటాయి. క్యాథలిక్ బైబిల్‌లో 73. తోబీతు, యూదితు, మక్కబీయులు వంటి ఏడు పుస్తకాలు అందులో అదనం. పూజలో చదివే పఠనాలను ఇంట్లో అనుసరించాలనుకునేవారు 66 పుస్తకాల ప్రతి కొంటే కొన్ని రోజుల పఠనాలు అందులో దొరకవు.

ప్రొటెస్టెంట్ పాఠకులకు ప్రధానంగా నాలుగు దొరుకుతాయి. బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వేసే పాత అనువాదాన్ని అందరూ ఓవీ (ఓల్డ్ వెర్షన్) అంటారు. మన ప్రసంగాలు, కంఠత వాక్యాలు, గోడల మీద రాసే వాగ్దానాలు చాలావరకు దానిలోవే. గ్రాంథిక భాష, పొడవైన వాక్యాలు. ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ (ఐఆర్‌వీ) 2019లో వచ్చింది. అది మూలానికి దగ్గరగా నడుస్తూనే నేటి తెలుగులో ఉంటుంది. ఈజీ టు రీడ్ వెర్షన్ చిన్న చిన్న వాక్యాలతో సాగుతుంది, కొత్తగా చదివేవారికీ పిల్లలకూ హాయిగా ఉంటుంది. బిబ్లికా వారి తెలుగు సమకాలీన అనువాదం వాడుక భాషలోనే ఉంటుంది గాని, అంత విడమరచి చెప్పదు.

వీటిలో ఒక్కదాన్నే పట్టుకోమని మేం చెప్పం. రెండు పెట్టుకోండి: సంఘంలో చదివేది ఒకటి, దాని పక్కన వేరే పద్ధతిలో చేసినది ఇంకొకటి. ఓవీతో పెరిగినవారికి ఓవీ, ఐఆర్‌వీ జత బాగా కుదురుతుంది. గ్రాంథికం చదవలేని పిల్లలకు, ముఖ్యంగా తెలుగు రాష్ట్రాల బయట పెరిగేవారికి, సమకాలీన అనువాదంతో మొదలుపెట్టించి ఓవీ తర్వాత ఇవ్వండి. మొదటి రోజే ఓవీ చేతిలో పెడితే ఆదికాండము సగంలోనే ఆపేస్తారు. అది వారి భక్తిలో లోపం కాదు.

ఏ జత మీకు సరిపోతుందో కొనకముందే ఫోన్‌లో తేల్చుకోవచ్చు. యూవర్షన్ యాప్‌లో ఒకే వచనాన్ని వేర్వేరు అనువాదాల్లో పోల్చి చూసే వీలుంది. ఒక గంట కేటాయించి ఈ భాగాలు చదవండి.

మొదట 23వ కీర్తన, పైకి చదవండి. ‘యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు’ అన్న లయ చెవికి పడుతుందో లేదో చూడండి. కుటుంబ ప్రార్థనలో చదివేదానికి ఈ పరీక్ష ముఖ్యం.

తర్వాత ఎఫెసీయులకు 1:3–14. గ్రీకులో ఇదంతా ఒకే వాక్యం. ముక్కలు చేసిన అనువాదంలో అర్థం త్వరగా తెలుస్తుంది, కానీ ఏ మాట దేనికి కారణమో తెలిపే గొలుసు కొంత తెగుతుంది. పొడవుగా ఉంచినదానిలో ఆ గొలుసు నిలుస్తుంది, చదివేవారే తప్పిపోతారు. రెండూ పక్కపక్కన ఉంటే ఈ చిక్కు తీరుతుంది.

మూడోది రోమీయులకు 3:21–26. 25వ వచనంలో ఓవీ ‘కరుణాధారము’ అంటుంది. నిర్గమకాండము 25:17లో మందసం (ఆజ్ఞల పలకలు ఉంచే పెట్టె) మీది మూతను ‘కరుణాపీఠము’ అంటుంది. రోమీయులలో పౌలు వాడిన గ్రీకు మాటనే పాత నిబంధన గ్రీకు అనువాదం ఆ మూతకు వాడింది. ఓవీ చదివేవారికి ఈ బంధం కొంతైనా కనిపిస్తుంది. దాన్ని వివరణగా విప్పి చెప్పే సరళ అనువాదంలో భావం అందుతుంది, నిర్గమకాండంతో ఉన్న ముడి మాత్రం మరుగున పడుతుంది. అందుకే పదాల వెంట వెళ్లే అధ్యయనానికి సరళ అనువాదం ఒక్కటీ చాలదు.

అలాగని ఓవీ అన్నిచోట్లా అక్షరాలా మూలాన్ని పట్టుకుంటుందనుకోవద్దు. ప్రకటన 21:16లో పట్టణం కొలత గ్రీకులో 12,000 స్టాడియాలు (స్టాడియా అంటే ఆనాటి దూరపు కొలత). ఓవీ దాన్ని 720 కోసులు చేసింది. పన్నెండు గోత్రాలు, పన్నెండుమంది అపొస్తలులు ఉన్న ఆ అధ్యాయంలో ఆ 12 మాయమైంది. తర్వాతి వచనంలోని 144 మూరలు మాత్రం అలాగే ఉన్నాయి. లూకా 24:13లో ఎమ్మాయు ‘ఆమడ దూరమున’ ఉందంటుంది, గ్రీకులో అది 60 స్టాడియాలు, అంటే దాదాపు 11 కిలోమీటర్లు. కొలతలున్న ప్రతిచోటా రెండో అనువాదం, అధోసూచిక చూసే అలవాటు చేసుకోండి.

చివరగా మార్కు 16:9–20, యోహాను 7:53–8:11. అన్నిటికన్నా పురాతనమైన గ్రీకు ప్రతుల్లో ఈ భాగాలు లేవు. అధ్యయనానికి తీసుకునే బైబిల్ ఆ సంగతిని కుండలీకరణంతోనో సూచికతోనో తెలపాలి. తెలుగు–ఇంగ్లిష్ ద్విభాషా ప్రతి కొంటే ఇంకో జాగ్రత్త అవసరం. పాత ఇంగ్లిష్ అనువాదమైన కింగ్ జేమ్స్‌లో 1 యోహాను 5:7లో ఉన్న ‘తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ’ అన్న మాటలు ఓవీలో ఉండవు. తెలుగువారు తీసేశారని కంగారుపడే అవసరం లేదు. ఆ మాటలు లాటిన్ ప్రతుల నుంచి చాలా ఆలస్యంగా గ్రీకులోకి వచ్చినవి.

అధ్యయనం చేసేటప్పుడు ముందు మీ ప్రధాన అనువాదంలో భాగమంతా రెండుసార్లు చదవండి, ఆ తర్వాతే రెండోది తెరవండి. రెండూ నిజంగా విడిపోయిన చోట పెన్సిల్‌తో గీత పెట్టి, వ్యాఖ్యానం అక్కడే చూడండి. మూలంలో రెండర్థాలకు తావుండడమో, ప్రతుల్లో తేడా ఉండడమో తరచూ దీనికి కారణం. ఒక్క తెలుగు మాట మీద బోధ కట్టేవారు ఈ పని చేయకనే దారి తప్పుతారు. స్టడీ బైబిల్ అయితే వచనమేదో, అడుగున ఉన్న వివరణేదో మనసులో వేరుగా ఉంచుకోండి. వివరణ రాసినవారి సంఘ నేపథ్యం ముందుమాటలో చదవండి.

కంఠతకు మాత్రం ఒకే అనువాదం. ఈ వారం ఓవీ, వచ్చేవారం ఇంకోటి అయితే మాటలు కలిసిపోయి ఏదీ నిలవదు.

అచ్చు ప్రతి కొనేముందు కీర్తనల దగ్గర తెరిచి, సాయంత్రం ఇంట్లో ఉండేపాటి వెలుతురులో చదివి చూడండి. ఒత్తులు, గుణింతాలు విడివిడిగా కనిపించకపోతే ఇంకా పెద్ద అక్షరాలది అడగండి. కాగితం పలుచన, జెల్ పెన్ను అవతలికి దిగుతుంది.