టియెల్లాలో బియ్యం పలుకుగా మిగిలితే

ఇటలీలో పూలియా తీరాన ఉన్న బారి ఊరి వంట టియెల్లా. బియ్యం, బంగాళదుంపలు, మస్సెల్స్ అనే సముద్రపు గుల్లలు పొరలుగా పేర్చి ఓవెన్‌లో పెడతారు. అక్కడ ఉండగా రెండుసార్లు చేశాను. రెండుసార్లూ పైన దుంపలు మాడాయి, లోపల బియ్యం పలుకుగానే ఉంది.

తప్పు నీళ్ల దగ్గర. రిసోట్టో అనే ఇటలీ బియ్యం వంటలా కలుపుతూ కొద్దికొద్దిగా పోసే వంట కాదిది, ముందే సరిపడా పోయాలి. మూడోసారి మస్సెల్స్ పచ్చిగానే తెరిచి, కారిన నీళ్లను గుడ్డలో వడకట్టి, మామూలు నీళ్లతో కలిపి పై వరస దుంపల అంచుదాకా పోశాను. దుంపల్ని 3 మిల్లీమీటర్ల మందాన తరిగాను. 180 డిగ్రీల్లో దాదాపు గంట, మొదటి అరగంట ఫాయిల్ కప్పి. ఉప్పు మాత్రం వేయలేదు, ఆ నీళ్లలోనే బోలెడుంది. పైన పెకోరినో చీజ్ చల్లాను. సముద్రపు సరుకుతో చీజేమిటి అనిపించింది గానీ, బారిలో అది మామూలే. ఈసారి బియ్యం మెత్తగా ఉడికింది.