సమస్య: రాత్రి నింపిన ట్యాంకు తెల్లారేసరికి ఖాళీ (పోర్షన్లు అద్దెకిచ్చిన ఓనర్లకు)

రాత్రి పదింటికి మోటరు వేసి ట్యాంకు నింపి పడుకుంటారు. పొద్దున ఐదున్నరకే కింది పోర్షన్ నుంచి ఫోన్: "అంకుల్, కుళాయిలో నీళ్లు రావట్లేదు." ఇలా రెండు రోజులు జరిగితే చాలు, ఓనరు మనసులోనే తీర్పు చెప్పేస్తాడు. పై పోర్షన్ వాళ్లింటికి చుట్టాలొచ్చి ఉంటారు, లేదా వాళ్లు వాషింగ్ మెషీన్ కొన్నప్పటి నుంచే ఈ గొడవ అంటాడు. ఆపైన నీళ్ల చార్జీ పెంచుతాడు. నెల తిరక్కుండా మంచి అద్దెదారు ఖాళీ చేసి వెళ్లిపోతాడు, ట్యాంకు మాత్రం ఎప్పటిలాగే ఖాళీ అవుతూ ఉంటుంది.

ముందు లెక్క వేయండి. 1000 లీటర్ల ట్యాంకు 8 గంటల్లో ఖాళీ అయిందంటే నిమిషానికి 2 లీటర్ల పైనే పోతున్నట్టు. నిద్రపోతున్న మనుషులు అంత వాడరు. చుక్క చుక్క కారే కుళాయి వల్ల కూడా కాదు, రాత్రంతా కారినా దాని కింద ఒక బకెట్టు నిండితే గొప్ప. అంటే ఎక్కడో ధార ఆగకుండా పోతోంది.

అందరూ వదిలేసే పరీక్ష

ప్లంబర్‌ని పిలిచే ముందు ఒక రాత్రి కేటాయించండి. అద్దెకున్నవాళ్లకు సాయంత్రమే చెప్పి నాలుగు బకెట్లు పట్టుకోమనండి. పదకొండింటికి ట్యాంకు నిండాక మోటరు ఆపి, డాబా మీద పోర్షన్లకు వెళ్లే వాల్వులన్నీ కట్టేయండి. పొడి కర్ర ఒకటి ట్యాంకులో అడుగు తాకేదాకా నిలువుగా దించి, తడిసినంత మేర చాక్‌పీసుతో గీత పెట్టండి. పొద్దున ఐదింటికి మళ్లీ అదే కర్ర దించి చూడండి.

దీన్లో ఒక మెలిక ఉంది. బోరు నీళ్ల ఉప్పు పట్టి పాత గేట్ వాల్వులు చేత్తో ఎంత తిప్పినా పూర్తిగా మూసుకోవు. వాల్వు కట్టాక ఆ పోర్షన్‌లో కుళాయి విప్పి చూడండి. పైపులో నిలిచిన నీళ్లు పోయాక కూడా సన్నగా వస్తూ ఉంటే ఆ వాల్వు పనికిరాదు, మీ పరీక్షా పనికిరాదు. అలాంటివి తీసేసి బాల్ వాల్వులు వేయించండి. అసలు పోర్షన్‌కొక వాల్వే లేకపోతే ముందు అది పెట్టించండి. అద్దె ఇంటి మీద మీరు పెట్టే ఖర్చుల్లో ఇంతకంటే తొందరగా తిరిగొచ్చేది నాకు తెలిసి లేదు.

గీత కదల్లేదు, నీళ్లు అలాగే ఉన్నాయి

లీకు ఏదో ఒక పోర్షన్‌లో ఉంది. రాత్రికొక వాల్వు తెరిచి ఉంచితే ఎవరిదో తేలిపోతుంది. పదికి తొమ్మిది సార్లు అది ఫ్లష్ ట్యాంకే. ఫ్లోట్ సరిగ్గా మూసుకోక నీళ్లు లోపలి ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి కమోడ్‌లోకి జారుతుంటాయి, లేదా అడుగున రబ్బరు వాషరు గట్టిపడి ఉంటుంది. చప్పుడుండదు, తడి కనపడదు. ఫ్లష్ ట్యాంకులో కాస్త మిఠాయి రంగు కలిపి, అరగంట ఎవరూ ఫ్లష్ చేయకుండా చూడండి. కమోడ్‌లో రంగు దిగితే దొరికినట్టే.

ఫ్లష్ ట్యాంకు లోపలి కిట్ మార్చే ఖర్చు ఎవరిదని అద్దెకున్నవాళ్లతో వాదన పెట్టుకోవద్దు. మీరే మార్పించండి. ఒక నెల పోర్షన్ ఖాళీగా ఉంటే పోయే అద్దె ముందు అదెంత?

గీత దిగింది, వాల్వులన్నీ కట్టే ఉన్నాయి

ఇక్కడే చాలామంది ప్లంబర్లు కూడా చేతులెత్తేస్తారు. ట్యాంకు చుట్టూ తడి లేదు, పగులు లేదు, పోర్షన్లకు చుక్క వెళ్లలేదు. మరి నీళ్లెక్కడికి పోయాయి? వచ్చిన దారినే వెనక్కి పోయాయి, బోరులోకి.

మూత తీసి టార్చి వేసి చూడండి. బోరు నుంచి వచ్చే పైపు ట్యాంకు పైభాగంలో లోపలికి వచ్చి అక్కడే ఆగిపోవాలి, నీళ్లు పైనుంచి పడాలి. కానీ పై అంతస్తులో ఉన్నవాళ్లు "రాత్రిళ్లు నీళ్లు పడే చప్పుడుకి పాప లేస్తోంది" అని ఎప్పుడో చెప్పి ఉంటారు. మీరు ప్లంబర్‌కి చెబితే అతను ఒక ఎల్బో, మూడడుగుల ముక్క తగిలించి పైపుని ట్యాంకు అడుగు దాకా దించి ఉంటాడు. చప్పుడు పోయింది, అందరూ హాయిగా పడుకున్నారు, బోరు మోటరులోని నాన్ రిటర్న్ వాల్వ్ (ఎక్కిన నీళ్లను వెనక్కి రానివ్వనిది) బాగున్నన్నాళ్లు ఏమీ కాలేదు. ఆ వాల్వు అరిగినా, దాన్లో ఇసుక రేణువులు ఇరుక్కున్నా, మోటరు ఆగగానే పైపులో నిలిచిన నీళ్లు మెల్లగా కిందికి దిగుతాయి. దిగుతూ వెనకాల ట్యాంకులోని నీళ్లనూ లాక్కుపోతాయి. డబ్బాలోంచి ట్యూబుతో కిరోసిన్ లాగడం చూశారుగా, అదే పని, తెల్లవార్లూ.

పైపు మూతి నీళ్లపైన ఉంటే వాల్వు పాడైనా పైపులో ఉన్న నీళ్లే పోతాయి. మూతి మునిగి ఉంటేనే ట్యాంకంతా పోతుంది. అందుకే రెండు తప్పులు కలిస్తే తప్ప ఈ సమస్య కనపడదు. రెండోది పాడైన రోజున పైపు దించిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

రుజువు కావాలంటే మోటరు ఆపిన పావుగంటకి మునిగి ఉన్న పైపు మూతికి అరచెయ్యి అడ్డం పెట్టండి. చర్మాన్ని పీల్చినట్టు తెలుస్తుంది. చెయ్యి అందకపోతే కర్రకి దారం కట్టి మూతి దగ్గరికి పోనివ్వండి, దారం లోపలికి వెళ్తుంది. ఇంకో గుర్తు: నీళ్లు రోజూ సరిగ్గా ఒకే మట్టం దగ్గర ఆగిపోతాయి. ఆ మట్టం పైపు మూతి ఉన్న ఎత్తే అయి ఉంటుంది.

హైదరాబాద్‌లో దీనికి ఇంకో చేదు రూపం ఉంది. చాలా ఇళ్లలో బోరు పైపు, సంపు నుంచి మంజీరా నీళ్లు (జలమండలి కుళాయి నీళ్లు) తెచ్చే పైపు రెండూ ఒకే ట్యాంకులోకి వస్తాయి. అప్పుడు మీరు కరెంటు ఖర్చుపెట్టి ఎక్కించిన మంజీరా నీళ్లు రాత్రికి బోరుపాలు. నగరానికి నీళ్లిచ్చే జలమండలి 2021 జనవరిలో మొదలుపెట్టిన ఉచిత నీళ్లు నెలకు 20 వేల లీటర్లు. రాత్రికి వెయ్యి చొప్పున పోతే నెలకు 30 వేలు! బిల్లు ఎందుకొచ్చిందని మీటరు రీడరుతో గొడవపడి లాభం లేదు. రెండు పైపులూ కిందే ఒక టీ జాయింటు దగ్గర కలిసి ఒకటిగా పైకి వెళ్తుంటే మరీ దారుణం. బోరు వైపు వాల్వు కట్టడం మర్చిపోతే సంపు మోటరు నీళ్లు కొంత నేరుగా బోరులోకే తోస్తుంది.

పరిష్కారం చవకే. దించిన ముక్కని కోసేయండి, మూతి ఓవర్‌ఫ్లో పైపు కంటే పైన ఉండాలి. చప్పుడు రాకూడదంటే ఎల్బోని ట్యాంకు గోడవైపు తిప్పండి, నీళ్లు గోడ మీదుగా జారి దిగుతాయి. కొయ్యడం కుదరకపోతే దించిన ముక్కకి పైన, నీటిమట్టానికి ఎగువన 8 ఎంఎం బెజ్జం వేయండి. గాలి దూరి లాగుడు తెగిపోతుంది. కానీ ఉప్పు నీళ్లకి ఆ బెజ్జం కొన్నాళ్లకి పూడుకుంటుంది, ట్యాంకు కడిగినప్పుడల్లా పుల్లతో పొడవాలి. నేనైతే కోసేయమనే చెబుతాను.

దాంతోపాటు నేల మీద, బోరు నుంచి పైపు బయటికి వచ్చేచోట ఒక నాన్ రిటర్న్ వాల్వ్ వేయించండి. దానిమీద బాణం గుర్తు నీళ్లు వెళ్లే దిక్కుకి ఉండాలి. తిరగేసి బిగిస్తే చుక్క ఎక్కదు. అటూ ఇటూ యూనియన్లు (విప్పి బిగించే జాయింట్లు) పెట్టిస్తే రేపు మార్చడం తేలిక. బోరులోంచి మోటరు పీకించే పని ఇప్పుడే పెట్టుకోకండి, ఈ రెండూ చేస్తే చాలావరకు అవసరం పడదు. అప్పటిదాకా మోటరు ఆపిన వెంటనే మళ్లీ వేయకండి. వెనక్కి దిగే నీళ్లకి లోపల చక్రాలు ఎదురు తిరుగుతుంటాయి, అప్పుడు స్విచ్ వేస్తే షాఫ్ట్ మీద దెబ్బ.

మిగతావి

సంపు నుంచి ఎక్కించే మోటరైతే పని ఇంకా సులువు: పొద్దునకి సంపు మట్టం పెరిగిందేమో చూడండి, పెరిగితే ఫుట్ వాల్వ్ (సంపులో పైపు అడుగున ఉండే నాన్ రిటర్న్ వాల్వ్) పోయినట్టు. ట్యాంకు అడుగున పగులుంటే డాబా మీద తడి కనపడుతుంది. సోలార్ హీటరుంటే దాని గాలి గొట్టంలోంచి నీళ్లు పొర్లుతున్నాయేమో ఓసారి చూడండి. పక్కింటివాళ్లు పైపు కలుపుకున్నారన్న అనుమానం చాలామంది చెబుతారు. నేనింతవరకు చూడలేదు.