చేదు తగిలిన సొరకాయ వండకండి: ఎండాకాలం కోతకు ముందు కొన్ని జాగ్రత్తలు

మొన్న మా పక్క ఊళ్లో ఒకే ఇంట్లో నలుగురు ఆసుపత్రి పాలయ్యారు. పురుగుమందు వల్ల కాదు, పాచిపోయిన కూర వల్లా కాదు, పెరట్లో కాసిన సొరకాయ వల్ల. ఎండకు వాడిపోతున్న తీగ మీద మిగిలిన కాయ కోశారు. తరిగేటప్పుడే చేదుగా ఉందని ఆ ఇంటి పెద్దావిడ అన్నారట. పులుసులో బెల్లం కాస్త ఎక్కువేస్తే తెలియదులే అని వండేశారు. తిన్న కాసేపటికే వాంతులు మొదలయ్యాయి. నలుగురూ బతికి బయటపడ్డారు. కానీ రోహిణి కార్తె వస్తోంది. కొద్దిపాటి తోట ఉన్న ప్రతి ఇంట్లో ఇలాంటి పందిరి, ఇలాంటి కాయ ఉంటాయి. అందుకే ఇది రాస్తున్నాను.

తలకు తుండు చుట్టుకోవాలనీ, నీళ్లు తాగుతూ ఉండాలనీ మీకు ఒకరు చెప్పక్కర్లేదు. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఒక్కటే. చేదు తగిలిన కాయను వృథా ఎందుకని వండొద్దు.

చేదు ఎక్కడి నుంచి వస్తుంది

సొర, బీర, దోస, పొట్ల, గుమ్మడి ఒకే కుటుంబం. పురుగులు, పశువులు తినేయకుండా ఈ తీగలు కుకుర్బిటాసిన్లు అనే చేదు విషాలను తయారుచేసుకుంటాయి. మన పెద్దవాళ్లు తరతరాలుగా తీపి కాయల విత్తనమే దాస్తూ రావడంతో మనం తినే రకాల్లో ఆ చేదు దాదాపు లేకుండా పోయింది. అయితే నీళ్లు తప్పి, ఎండ మాడ్చేస్తే అది మళ్లీ పెరగొచ్చు. ఇంకో దారి కూడా ఉంది. కంచెల మీద పాకే చేదు సొర పుప్పొడి మన తీగ పువ్వుకు అంటితే ఆ ఏడు కాయ బాగానే ఉంటుంది. దాని గింజ దాచి మరుసటి ఏడు వేస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. అందుకే ఎవరో ఇచ్చిన గింజ, దానంతట అదే మొలిచిన తీగ అంటే మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఈ చేదు వేడికి పోదు. ఉడికించినా, వేయించినా, చింతపండు పులుసు పోసినా, ఉప్పు రాసి పిండినా విషం విషంలాగే ఉంటుంది. బెల్లం నాలుకను మోసం చేస్తుందేమో గానీ కడుపును చేయలేదు. 2015లో జర్మనీలో ఒక పెద్దాయన ఇంటి తోటలో పండిన జుకినీ కూర తిని చనిపోయారు. అదీ సొర కుటుంబంలోని కాయే. చేదుగా ఉందని ఆయన భార్య కొంచెమే తిన్నారు, ఆవిడకూ జబ్బు చేసింది గానీ బతికారు. అది బాగా ఉడికిన కూరే.

పచ్చి రసం ఇంకా ప్రమాదం. షుగరుకు మంచిదనీ, చలవ చేస్తుందనీ పరగడుపున గ్లాసుడు సొరకాయ రసం తాగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. 2018లో పుణెలో ఒక మహిళ ఇలాగే తాగి ప్రాణం పోగొట్టుకున్నారు. భారత వైద్య పరిశోధన మండలి వేసిన నిపుణుల సంఘం దీని మీద ఇచ్చిన నివేదిక 2012లో అచ్చయింది. చేదుగా ఉన్న రసం తాగొద్దని, ఈ విషానికి విరుగుడు మందు లేదని అందులో స్పష్టంగా ఉంది.

రుచి చూడటం ఎలా

దోసకాయ పప్పు చేసేముందు ముక్క నోట్లో వేసుకోని ఇల్లాలు మన దగ్గర ఉండదు. సొరకాయకు, బీరకాయకు మాత్రం ఆ అలవాటు లేదు. ఇవాళ్టి నుంచి చేసుకోండి. తొడిమ వైపు నుంచి ఒక ముక్క, మధ్య నుంచి ఒక ముక్క, చింతగింజంత కోసి, నమిలి, ఉమ్మేయండి. మింగొద్దు. ప్రతి కాయనూ విడిగా చూడండి, ఒకటి బాగుంటే పక్కది కూడా బాగుంటుందనుకోవద్దు. పెద్ద వయసు వాళ్లకు, జలుబు చేసినవాళ్లకు రుచి సరిగా తెలియదు. ఇంకొకరి చేత చూపించండి.

దోసకాయ చివర కోసి నురగ వచ్చేదాకా రుద్దితే చేదు దిగుతుందంటారు. దాన్ని నమ్ముకోవద్దు. కాకర తింటున్నాం కదా అని కొందరు వాదిస్తారు. కాకరలోని చేదు వేరు, దాన్ని ఇక్కడికి లాగొద్దు.

తోటలోకి వెళ్లేముందు

మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో డబ్బా మీదో, లోపలి కాగితంలోనో రాసి ఉంటుంది. డబ్బా మీది రంగు త్రికోణం మందు ఎంత ప్రమాదకరమో చెబుతుంది, రోజులు చెప్పదు. బెండ, వంగ రోజు విడిచి రోజు కోతకొస్తాయి కాబట్టి ఈ తప్పు ఎక్కువగా జరిగేది అక్కడే. మొక్క లోపలికి పాకే మందులు ఎంత కడిగినా పోవు. ఇంటికి వాడుకునే సాలు ఏదో ముందే అనుకుని, దానికి మందు కొట్టకుండా వదిలేయండి.

కోత తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించండి. తీగ కింద, ఆకుల గుబుర్లలో చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి. చల్లటి చోటు కోసం పాములు చేరేది అక్కడే.

కోసిన కాయల మీద ప్లాస్టిక్ పట్టా కప్పొద్దు, తడి గోనెపట్టా కప్పండి.

మందు సంచుల్లో, మందు బకెట్లలో కూరగాయలు వేయొద్దు. ఎంత కడిగినా వేయొద్దు.

తడి చేతులతో మోటారు స్టార్టర్ ముట్టుకోవద్దు.

ఎండలో పనిచేస్తున్న మనిషి తికమకగా మాట్లాడినా, తూలినా వడదెబ్బే అనుకోండి. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

పొద్దున వండిన పప్పు, కూర రాత్రి దాకా బయట పెట్టొద్దు.

చేదు కాయ కాసిన తీగ మీద మిగతా కాయలు కూడా తినొద్దు. తీగ పీకేయండి. గింజ దాచొద్దు. పశువులకు వేయొద్దు, గుంత తీసి పూడ్చండి.

చేదు కాయను పక్కింటికి ఇవ్వొద్దు, సంతలో అమ్మొద్దు.

కూర వండాక చేదు తెలిస్తే, ఎన్ని కష్టాలు పడి వండినా సరే, గిన్నెడూ పారేయండి. ఒక్క ముద్దే కదా అనొద్దు. పిల్లలకు అసలే పెట్టొద్దు.

తిన్నాక వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు మొదలైతే మజ్జిగ తాగి పడుకుంటే తగ్గుతుందని కూర్చోవద్దు. రక్తం పడొచ్చు, బీపీ పడిపోవచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మిగిలిన కూర, కాయ ముక్క వెంట తీసుకెళ్లండి. చేదు సొరకాయ తిన్నామని డాక్టరుకు మొట్టమొదట చెప్పండి.