చలికాలపు కత్తిరింపులు మొదలుపెట్టే ముందు: ఎస్టేట్ తోటల్లో జాగ్రత్తలు

- ప్లమ్, చెర్రీ చెట్ల జోలికి ఇప్పుడు వెళ్లొద్దు. చలిలో కోసిన గాయంలోంచి సిల్వర్ లీఫ్ శిలీంధ్రం లోపలికి దిగితే చెట్టే పోవచ్చు. వాటిని వేసవిలోనే కత్తిరించాలి. ఆపిల్, పియర్‌లకు మాత్రం ఇదే అదను.

- లైలాక్, ఫోర్సిథియా పూల పొదలను వదిలేయండి. వసంతంలో విచ్చుకునే మొగ్గలు పోయిన వేసవిలోనే కట్టేశాయి.

- పెద్ద కొమ్మను కోసేటప్పుడు ముందుగా దాని అడుగున చిన్న గాటు పెట్టండి. లేదంటే బరువుకు విరిగి, బెరడును కాండం మీదుగా చీల్చుకుంటూ పడుతుంది. కొమ్మ మొదట్లో, కాండానికి అతుక్కునే చోట ఉబ్బెత్తుగా ఉండే మెడను మాత్రం కోయకండి, గాయం మానేది అక్కడినుంచే.

- ఒక బాక్స్‌వుడ్ పొదల కంచె నుంచి మరోదానికి మారినప్పుడల్లా కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. తెగులు బ్లేడుతోపాటే వెళ్తుంది.

- గడ్డకట్టిన పచ్చికపై తోపుడు బండి వద్దు, చక్రాల జాడ నల్లబడి చాన్నాళ్లు ఉంటుంది. యజమాని కంట ముందు పడేది అదే!