ఇల్లు మారేటప్పుడు సామాను పగలకుండా సర్దడం ఎలా

హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి లారీలో వెళ్లే సామాను 600 కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. నేను చూసినంతలో, ఆ దారిలో కింద పడి పగిలే వస్తువులు తక్కువ. పెట్టెలో ఖాళీ మిగిలి, ప్రతి గతుకులోనూ ఒకదానినొకటి కొట్టుకుని పగిలేవే ఎక్కువ. కాబట్టి ప్రతి పెట్టెనూ మూసేముందు రెండు చేతులతో ఎత్తి మెల్లగా ఊపి చూడాలి. లోపల ఏదైనా కదిలినట్లు వినిపిస్తే మళ్లీ తెరిచి, పాత చీరలో తువ్వాళ్లో నలిపిన కాగితమో కూరి, అప్పుడే టేపు వేయాలి.

అట్టపెట్టెలు ఐదు పొరలవి తీసుకోవడం మంచిది. కిరాణా కొట్టులో దొరికే పాత పెట్టెలు బట్టలకు సరిపోతాయి గాని, పాత్రల బరువును మోయవు. పుస్తకాల వంటి బరువైనవాటికి చిన్న పెట్టె, దిండ్లు దుప్పట్ల వంటి తేలికైనవాటికి పెద్ద పెట్టె వాడాలి. దీనికి విరుద్ధంగా చేస్తే పెట్టె అడుగు ఊడిపోతుంది, లేదా మోసేవారి నడుము పట్టేస్తుంది. లోపల ఏముందో, ఏ గదిలో దించాలో పెట్టె పక్కభాగాన రాయాలి, ఎందుకంటే పైన రాసినది మరో పెట్టె ఎక్కగానే కనిపించదు.

అసలు శ్రమంతా వంటింటిదే. పింగాణీ పళ్లేలను ఒకదానిపై ఒకటి పరచి పేర్చితే పైవాటి బరువు, కుదుపు కలిసి అడుగున ఉన్నవాటి మీద పడతాయి. ఒక్కొక్కదానిని విడిగా కాగితంలో చుట్టి, అలమారలో పుస్తకాలు నిలబెట్టినట్లు అంచు మీద నిలువుగా పెట్టాలి. గాజు గ్లాసులలో ముందుగా కాగితం కూరి, ఆ తరువాత పైన చుట్టాలి. వార్తాపత్రికల సిరా తెల్ల పింగాణీకి అంటుకుంటుంది కనుక లోపలి పొరకు తెల్ల కాగితం ఉండాలి. కుక్కరు విజిలును, రబ్బరును ఒక కవరులో వేసి కుక్కరులోనే ఉంచాలి. అవి వేరే పెట్టెలోకి పోతే కొత్త ఇంట్లో మొదటి రోజు అన్నం వండడానికి తిప్పలు తప్పవు. గ్రైండరు రాళ్లను తప్పనిసరిగా బయటికి తీసి, విడిగా గోనెసంచిలో చుట్టాలి.

పచ్చళ్ల జాడీల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఒకసారి మా ఇంటికి సర్దడానికి వచ్చిన పనివారు ఆవకాయ జాడీ మూతకు టేపు మాత్రమే చుట్టి, ఆ పెట్టెను పుస్తకాల పెట్టె మీద ఎక్కించారు. నూనె అంటిన అంచు మీద టేపు నిలవదు. మర్నాడు దించేసరికి నూనె రెండు అట్టలనూ తడిపి కిందికి దిగి, మా నిఘంటువు పేజీలకు ఎర్రటి అంచు కట్టింది. అది తెరిస్తే ఇప్పటికీ ఆవపిండి వాసన వస్తుంది. జాడీలో పచ్చడి మెడ దాకా ఉంటే కొంత తీసి వేరే సీసాలో పెట్టాలి. అంచును పొడి గుడ్డతో తుడిచి, మూతి మీద పాలిథిన్ కాగితం పరచి, దానిపై ఉతికి ఆరేసిన గుడ్డతో వాసెన కట్టి, పురికొస బిగించి, ఆపైన మూత పెట్టాలి. అప్పుడు జాడీని ప్లాస్టిక్ బకెట్టులో నిలబెట్టి, చుట్టూ పాత బట్టలు కూరితే, ఒకవేళ కారినా నూనె బకెట్టు దాటి పోదు. తడి తగిలితే బూజు పడుతుంది కనుక ఈ పనిని తడి చేతులతో చేయకూడదు.

ఫ్రిజ్‌ను ఒక రోజు ముందే ఆపి, మంచు కరిగించి, లోపల ఆరనిచ్చి, లారీలో నిలువుగానే ఎక్కించాలి. పడుకోబెడితే కంప్రెసరులోని నూనె గొట్టాలలోకి పారుతుంది. అలా జరిగితే కొత్త ఇంట్లో నిలబెట్టి, మర్నాటి దాకా స్విచ్ వేయకపోవడం మేలు. ముందు తలుపున్న వాషింగ్ మెషీను కొన్నప్పుడు మెకానిక్ వెనకవైపు నుంచి విప్పి ఇచ్చిన పొడవాటి బోల్టులను వెతికి మళ్లీ బిగించాలి, లేకపోతే లోపలి డ్రమ్ము దారంతా ఊగుతూనే ఉంటుంది. కొత్త ఇంట్లో వాటిని విప్పకుండా మెషీను తిప్పకూడదు. టీవీని కూడా నిలువుగానే ఉంచాలి. ఇన్వర్టరు బ్యాటరీని వంచితే ఆమ్లం కారుతుంది. ఇనుప బీరువాను బట్టలతో సహా మోయించడం చాలామందికి అలవాటే గాని, ఆ బరువుకు తలుపులు వంకరపోయి తాళం పట్టేస్తుంది. పూర్తిగా ఖాళీ చేసి తాళం వేయాలి. నగలు, ఇంటి పత్రాలు, పిల్లల సర్టిఫికెట్లు లారీ ఎక్కకూడదు.

నిండుదైనా ఖాళీదైనా గ్యాసు సిలిండరును సామానుతో పంపకూడదు. ఊరు మారేవారు సిలిండరును, రెగ్యులేటరును ఏజెన్సీకి అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, బదిలీ పత్రం పొందాలి; కొత్త ఊరిలో ఆ పత్రం చూపించి, డిపాజిట్ కట్టి, కనెక్షన్ తీసుకోవచ్చు.

పెట్టెలకు వరుస సంఖ్యలు వేసి, ఆ జాబితాను రెండు ప్రతులు రాసి, లారీ రసీదుతో పాటు మన దగ్గర ఒకటి ఉంచుకోవాలి. దించిన ప్రతి సంఖ్యనూ కొట్టివేసి, పెట్టె నలిగి ఉంటే అక్కడే తెరిచి చూసి, నష్టాన్ని రసీదు మీద రాసిన తరువాతే సంతకం పెట్టాలి. చివరగా, పాలు పొంగించే గిన్నె, అగ్గిపెట్టె, పసుపు కుంకుమలు, ఇండక్షన్ స్టవ్వు, దానిపై పనిచేసే స్టీలు గిన్నె ఒకటి, కత్తెర కలిపి ఒక సంచిలో సర్ది మనతోనే తీసుకెళ్లాలి. లారీ ఆలస్యమైనా ముహూర్తం ఆగదు కదా.