లారీ లెక్కలో కార్బన్ – 3వ పాఠం: ఖాళీగా తిరిగొచ్చే బండి

లీటరు డీజిల్ కాలితే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుందని పోయిన పాఠంలో చెప్పుకున్నాం. ఈసారి ట్రిప్ షీటు, అంటే బండి ఒక్కో ట్రిప్పు వివరాలు రాసుకునే కాగితం, తీసుకుందాం. పెన్ను, కాగితం దగ్గర పెట్టుకోండి.

మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. కొత్త కార్లు మోసుకెళ్లే ట్రైలర్లను పిల్లలు కూడా గుర్తుపడతారు. విడిభాగాలు తెచ్చే బండ్లను మాత్రం ఎవరూ చూడరు. అలాంటి బండి ఒకటి ఉందనుకుందాం. ఈ అంకెలు లెక్క నేర్చుకోవడానికి నేను వేసుకున్నవే.

చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూరు వైపు నుంచి బంపర్లు, సీట్లు వేసుకుని 450 కిలోమీటర్లు వచ్చింది. సరుకు 6 టన్నులే. బంపర్లకు బరువెక్కడిది, అవి తినేదంతా చోటు. కంటైనరు కిక్కిరిసి ఉన్నా కాటా మీద తేలిగ్గానే తూగుతుంది. లోడుతో లీటరుకు నాలుగున్నర కిలోమీటర్లు ఇస్తే 100 లీటర్లు. ఖాళీగా వెనక్కి పోతూ 6 ఇస్తే 75 లీటర్లు.

ఒక టన్ను సరుకును ఒక కిలోమీటరు మోస్తే ఒక టన్ను-కిలోమీటరు. ముందు అవి కట్టండి: 6 × 450 = 2,700. వచ్చేటప్పటి డీజిల్ ఒక్కటే లెక్కేస్తే 268 కిలోలు, అంటే టన్ను-కిలోమీటరుకు 99 గ్రాములు. తిరుగు ప్రయాణం కలిపితే 469 కిలోలు, అంటే టన్ను-కిలోమీటరుకు 174 గ్రాములు. చాలామంది మొదటి అంకె రాసి సంతకం పెట్టేస్తారు. అది తప్పు. రవాణా ఉద్గారాల లెక్కకు 2023లో వచ్చిన ఐఎస్‌ఓ 14083 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఖాళీ ప్రయాణాన్ని కలపమనే చెబుతుంది.

ఇప్పుడు తిరుగు లోడు 6 టన్నులు దొరికిందనుకోండి. ఖాళీగా పోయే బండికి 75 లీటర్లు పట్టేది, ఇప్పుడు 100 పడుతుంది. మొత్తం 536 కిలోలు. ఈ షీటు చూపిస్తే ఓనరు ఊరుకుంటాడా? "ఏమప్పా, తగ్గిస్తానంటివి, పెంచితివే!" అంటాడు. కంగారు పడకండి. సరుకు మోసిన పని కూడా 5,400 టన్ను-కిలోమీటర్లు అయింది. భాగిస్తే మళ్లీ 99 గ్రాములే. పైగా ఆ సరుకు కోసం ఇంకో లారీ రోడ్డెక్కే పని తప్పింది. అందుకే ఓనరు ముందు కిలోలు, గ్రాములు రెండూ పక్కపక్కన పెట్టాలి.

తిరుగు లోడు ప్రతిసారీ కుదరదు. విడిభాగాలు వచ్చిన ఖాళీ ట్రేలు, ఇనుప స్టాండ్లు అదే బండిలో వెనక్కి పోవాలి కదా. అవి మడతపడే రకమైతే కథ మారుతుంది. నాలుగు మడిస్తే ఒకదాని చోటులో ఇమిడాయనుకోండి, నాలుగు బండ్ల ట్రేలు ఒకే బండిలో పోతాయి. మిగతా మూడూ కిరాయి వెతుక్కోవచ్చు. డ్రైవర్లకు మైలేజీ పాఠాలు చెప్పేకంటే ముందు ఈ ట్రేల సంగతి చూడాలన్నది నా అభిప్రాయం.

నేను చేసిన పొరపాటు ఒకటి చెప్తా. మొదటి నెల బంకు బిల్లులు కూడి లెక్క కట్టేశాను. నెల మొదట్లో ట్యాంకులో ఎంతుందో చూడలేదు. ఒక పాత బండికి లీటరుకు 9 కిలోమీటర్లు వచ్చింది! ఆఫీసులో వారం రోజులు నవ్వారు. మీరు మాత్రం ట్రిప్పు ముందు ఫుల్ ట్యాంక్ చేయించి, తిరిగొచ్చాక మళ్లీ ఫుల్ చేయించండి. రెండోసారి పట్టిన డీజిల్, దారిలో పోయించిందేమైనా ఉంటే అదీ కలిపితే, అదే ఆ ట్రిప్పు ఖర్చు.

వచ్చే పాఠంలోపు ఒకే బండివి మూడు ట్రిప్ షీట్లు తీసుకోండి. మీటరు రీడింగు, డీజిల్, కాటా చీటీలోని బరువు, ఖాళీగా తిరిగిన కిలోమీటర్లు నాలుగు గళ్లలో రాసి, గ్రాములు కట్టి ఉంచండి. అదే సరుకును రైలెక్కిస్తే ఎంతవుతుందో ఆ కాగితం మీదే చూద్దాం.